కణం పక్కన పీహెచ్ కొలవడానికి ఏది మేలు: ఇరిడియం తీగా, ఐఎస్‌ఫెట్ చిప్పా, మెరిసే డైయా?

బెంగళూరులో ఏదో ఒక బయాలజీ ల్యాబులో కొత్తగా చేరిన మనవాళ్లు ఫోన్ చేస్తే, ముందు కాసేపు పీజీ భోజనం గురించి, సిల్క్ బోర్డు ట్రాఫిక్ గురించి మాట్లాడి ఆఖర్న అసలు సంగతికి వస్తారు. "అన్నా, కణాల చుట్టూ ఆమ్లత కొలవాలంట. మా మేడమ్ మంచి మైక్రో సెన్సర్ ఏదైనా చూసి కొటేషన్ తెమ్మన్నారు. ఏది కొనమంటావ్?" కొటేషన్ దగ్గర మొదలుపెట్టడంతోనే చిక్కు వస్తుంది. ఎందుకో చెప్పేముందు నా ఓటు ఎటో చెప్పేస్తాను.

డిష్‌కు అతుక్కుని పెరిగే కణాల మీద, బయటి వైపు, కొన్ని గంటల పాటు కొలవాలంటే ఇరిడియం ఆక్సైడ్ పూసిన సన్నని తీగ. మందు వేశాక కణాలు ఆమ్లం వదిలే వేగం పెరిగిందా తగ్గిందా అన్నదే ప్రశ్నైతే, సన్నని ప్రవాహ గదిలో పెట్టిన ఐఎస్‌ఫెట్, అంటే ద్రవాన్ని నేరుగా తాకే ట్రాన్సిస్టర్ చిప్. కణం లోపలి పీహెచ్ కావాలంటే ఎలక్ట్రోడ్ల జోలికి పోకుండా డై, అంటే పీహెచ్‌ను బట్టి మెరుపు మారే రంగు. గాజు మైక్రోఎలక్ట్రోడ్, ద్రవపొర పిపెట్, యాంటిమనీ, పాలీయనిలీన్ వీటన్నిటికీ ఎక్కడో ఒకచోట పని ఉంది గానీ మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పను. అయితే ఈ తీర్పులో సెన్సర్ పదార్థం వాటా నిజానికి తక్కువే. సెన్సర్ కణానికి ఎంత దూరంలో ఉంది, మీడియాలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) పీహెచ్ మార్పును అడ్డుకునే బఫర్ ఎంత ఉంది, పోల్చి చూసే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ నిలకడగా ఉందా అన్నవి తేలకుండా ఏ చిప్ కొన్నా డబ్బు దండగ.

ముందు దూరం, బఫర్

పీహెచ్ ఆమ్లతకు లాగరిథమ్ కొలత, అంకె తగ్గితే ఆమ్లత పెరిగినట్టు. 7.4 దగ్గర లీటరుకు 40 నానోమోల్ హైడ్రోజన్ అయాన్లు ఉంటాయి. 7.1కి దిగితే 80, 6.8కి దిగితే 160. అంకె 0.3 దిగినప్పుడల్లా అయాన్లు రెట్టింపు. మన రక్తం 7.35కీ 7.45కీ మధ్యనే తిరుగుతుంది. గట్టి కణితుల్లో కణాల బయటి ద్రవం 6.5 నుంచి 7.0 దాకా పడిపోతుంది. కేన్సర్ కణాలు ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా గ్లూకోజును ల్యాక్టేట్‌గా మార్చి బయటికి తోస్తాయని ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే చూపించాడు. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణమైతే ఎముకకు గట్టిగా అతుక్కుని, తన కింద మూసుకున్న గుంటలో పీహెచ్‌ను 4.5 దాకా దించుతుంది. మనం కొలవాలనుకునేది ఇలాంటి మార్పుల్ని.

కానీ 40 నానోమోల్ ఎంత తక్కువో ఒకసారి చూడండి. ఒక ఘన మైక్రోమీటరు మీడియాలో స్వేచ్ఛగా తిరిగే హైడ్రోజన్ అయాన్లు సుమారు 24. అంతే. సూది మొన లాంటి సెన్సర్ ఆ ఇరవై నాలుగింటిని లెక్కపెట్టడం లేదు. చుట్టూ ఉన్న బఫర్ అణువులు ప్రోటాన్లను (ఆ హైడ్రోజన్ అయాన్లనే) ఇస్తూ పుచ్చుకుంటూ ఉంటే, ఆ ఇచ్చిపుచ్చుకోవడాల సగటును అది వోల్టేజీగా చూపిస్తోంది. కాబట్టి బఫర్ మారితే కొలత తీరే మారుతుంది.

ఒక లెక్క వేద్దాం. చురుకైన కేన్సర్ కణం ఒకటి గంటకు ఒక పికోమోల్ ల్యాక్టిక్ ఆమ్లం వదులుతుందనుకుందాం. అంటే సెకనుకు దాదాపు 17 కోట్ల ప్రోటాన్లు. వినడానికి పెద్ద అంకే. అయితే 10 మైక్రోమీటర్ల ఒంటరి కణం మామూలు బఫర్ ఉన్న మీడియాలో కూర్చుని ఉంటే, బఫర్ అణువులు ఆ ప్రోటాన్లను పట్టుకుని ఎప్పటికప్పుడు దూరంగా మోసుకుపోతాయి. కణం పొర పక్కనే కొలిచినా తేడా 0.0005 పీహెచ్ దగ్గరే తేలుతుంది. పీహెచ్ మారితే ఎలక్ట్రోడ్ వోల్టేజీ ఎంత మారాలో చెప్పే నెర్న్‌స్ట్ లెక్కన 37 డిగ్రీల దగ్గర ఒక పీహెచ్‌కు 61.5 మిల్లీవోల్టులు. ఆ చొప్పున ఈ తేడా విలువ 0.03 మిల్లీవోల్టులు. పక్కన ఎవరైనా కుర్చీ జరిపితే మీటరు అంతకంటే ఎక్కువ కదులుతుంది. బఫర్‌ను పదో వంతుకు తగ్గిస్తే తేడా 0.005కి పెరుగుతుంది. అది కొలవగలిగే సంగతే.

అవే కణాలు చదరపు సెంటీమీటరుకు లక్ష చొప్పున పరుచుకుని ఉంటే కథ వేరు. పైన 2 మిల్లీమీటర్ల ఎత్తు మీడియా ఉందనుకుంటే పీహెచ్ గంటకు 0.05 చొప్పున దిగుతుంది. ఎత్తును 50 మైక్రోమీటర్లకు కుదిస్తే అదే ఆమ్లం 40 రెట్లు తక్కువ ద్రవంలో కలుస్తుంది, వేగం గంటకు 2 యూనిట్లవుతుంది. అంటే నిమిషానికి రెండు మిల్లీవోల్టులు. ఇక్కడ సెన్సర్‌ను మార్చలేదు, పైనున్న నీళ్లు తగ్గించాం, అంతే. కొటేషన్ అడిగినవాళ్లకు నేను ముందు ఈ లెక్కే పంపిస్తాను.

సమయం కూడా దూరం మీదే ఆధారపడుతుంది. బఫర్ మోసుకొచ్చే ఆమ్లత 10 మైక్రోమీటర్లు చేరడానికి సెకనులో పదో వంతు చాలు. ఒక మిల్లీమీటరు చేరాలంటే పావుగంట పైనే పడుతుంది. దూరం పదింతలైతే సమయం వందింతలు. డిష్‌లో పైనెక్కడో ముంచిన మామూలు పీహెచ్ ప్రోబు చూపించేది కణాల సంగతి కాదు, పావుగంట కిందటి మీడియా సంగతి. మీడియాలో కలిపే సూచిక ఫినాల్ రెడ్ రంగు చూసి చెప్పేదీ అంతే. పసుపు తిరిగిందంటే మీడియా మార్చే వేళ దాటిపోయిందని అర్థం. కణాలు పెంచేవాళ్లకు అది చాలు, కొలిచేవాళ్లకు చాలదు.

గాజు, పిపెట్: పాతవే గానీ నిజాయితీ ఉన్నవి

1909లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ల్యాబులో సోరెన్‌సెన్ పీహెచ్ కొలమానాన్ని ప్రవేశపెట్టాడు. అదే ఏడాది హాబర్, క్లెమెన్‌సీవిచ్ గాజు ఎలక్ట్రోడ్ పనితీరును వివరించారు. 1934లో ఆర్నాల్డ్ బెక్‌మన్ నిమ్మజాతి పండ్ల రసాల పులుపు కొలవడానికి దానికో యాంప్లిఫయర్ జోడించి మీటరు చేశాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా గాజును మించిన ఎంపిక శక్తి మరోదానికి లేదు. ఆక్సిజన్‌కు, విటమిన్లకు, పెరాక్సైడ్‌కు అది పెద్దగా చలించదు.

చిన్నది చేయబోతేనే తంటా. మొన సన్నబడేకొద్దీ గాజు నిరోధకత ఆకాశానికి పోతుంది. అందుకే ఫిజియాలజీ వాళ్లు గాజు పిపెట్‌ను ఒక మైక్రోమీటరు కంటే సన్నగా లాగి, మొనలో ట్రైడోడెసిలమీన్ లాంటి అయానోఫోర్ కలిపిన ద్రవపొర నింపుతారు. అది ప్రోటాన్‌ను మాత్రమే గుర్తుపడుతుంది. నిరోధకత అప్పుడు కూడా పదుల గిగాఓములు. ఫారడే కేజ్ (బయటి విద్యుత్ అలజడిని ఆపే లోహపు పంజరం) లేకుండా కూర్చుంటే తెర మీద 50 హెర్ట్జ్ కరెంటు గీతే కనిపిస్తుంది, పీహెచ్ కాదు. పొర ఆయుష్షు కూడా తక్కువ. పొద్దున చేసింది పొద్దునే వాడుకోవడం మంచిది.

అలాగని కొట్టిపారేయను. కణాల పొర కరెంట్లు కొలిచే ప్యాచ్ క్లాంప్ రిగ్ ఇప్పటికే ఉన్న ల్యాబుకు ఇదే అన్నిటికంటే చవక. పిపెట్ లాగే యంత్రం, మైక్రోమానిప్యులేటర్, కంపనాలు తట్టుకునే బల్ల, కేజ్ అన్నీ అక్కడే ఉంటాయి. హెడ్‌స్టేజ్ (మొదటి యాంప్లిఫయర్) ఇన్‌పుట్ ఇంపెడెన్స్ సరిపోతుందో లేదో ఒక్కటి చూసుకుంటే అయిపోతుంది. అవన్నీ కొత్తగా కొనాలంటే మాత్రం వద్దు.

ఇరిడియం ఆక్సైడ్: నా మొదటి మాట

దీని గుణం ఏమిటంటే ఇంట్లో వంటలా ల్యాబులోనే చేసుకోవచ్చు. ఇరిడియం క్లోరైడ్‌ను నీళ్లలో కరిగించి, కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆక్సాలిక్ ఆమ్లం కలిపి, పొటాషియం కార్బొనేట్ కొద్దికొద్దిగా వేస్తూ పీహెచ్‌ను 10.5కి లేపుతారు. సీసాకు మూతపెట్టి పక్కన ఉంచితే లేత పసుపు ద్రావణం కొన్ని రోజుల్లో నీలంలోకి, తర్వాత ముదురు నీలంలోకి తిరుగుతుంది. రంగు పూర్తిగా తిరగకముందే తొందరపడి పూత వేస్తే పొర సరిగా పట్టదు. తర్వాత సన్నని ప్లాటినం లేదా బంగారు తీగను గాజులో మూసి, కొన మాత్రం బయటికి ఉంచి అరగదీసి, ఆ ద్రావణంలో ముంచి పొటెన్షియోస్టాట్‌తో వోల్టేజీ ఇస్తే కొన మీద నల్లని నీలపు పొర కడుతుంది. మైక్రోస్కోప్ కింద చూస్తే లోహపు మెరుపు పోయి మసి పట్టినట్టు కనిపించాలి. మెరుపు అక్కడక్కడా మిగిలి ఉంటే ఆ తీగ పక్కన పెట్టేయాల్సిందే. లోహం బయటపడిన చోట పీహెచ్ కాకుండా మరేవేవో కొలుస్తుంది.

ఇంపెడెన్స్ తక్కువ కాబట్టి మామూలు మంచి యాంప్లిఫయర్ సరిపోతుంది. కేజ్ ఉంటే మంచిదే, లేకపోయినా అల్యూమినియం డబ్బాతో నెట్టుకురావచ్చు. అలాంటి డబ్బాలు, షీల్డ్ తీగలు ఎస్పీ రోడ్డులో ఒక గంట తిరిగితే దొరుకుతాయి. గాజు మొనలా ఊరికే విరిగిపోదు. ఇలా విద్యుత్తుతో పూసిన పొరలో నీరు కలిసి ఉంటుంది కాబట్టి ఒక్కో ఎలక్ట్రాన్‌కు ఒకటి కంటే ఎక్కువ ప్రోటాన్లు పాలుపంచుకుంటాయి. అందుకే పీహెచ్‌కు 60 నుంచి 80 మిల్లీవోల్టుల దాకా ఇస్తుంది, నెర్న్‌స్ట్ లెక్కకంటే ఎక్కువ. ఈ ఎక్కువను చూసి మురిసిపోయేవాళ్లున్నారు. నేను మురిసిపోను. అంకె పెద్దదా కాదా అన్నది కాదు, రేపు కూడా అదే అంకె ఇస్తుందా అన్నది చూడాలి.

లోపాలు రెండు. ఒకటి, కొత్త పొర నీరు పీల్చుకుని కుదురుకునేదాకా విలువ జారుతూనే ఉంటుంది. ఒకే పూట పూసిన తీగలు రెండూ ఒకే బఫర్‌లో వేర్వేరు వోల్టేజీ చూపిస్తాయి. కాబట్టి ప్రతి తీగనూ విడిగా కేలిబ్రేట్ చేయాలి, అదీ 37 డిగ్రీల దగ్గరే. 25 దగ్గర కేలిబ్రేట్ చేసి ఇంక్యుబేటర్‌లో వాడితే వాలు (ఒక పీహెచ్‌కు ఇన్ని మిల్లీవోల్టులన్న అంకె) దగ్గరే 4 శాతం తేడా వస్తుంది. పైగా సీరం ఉన్న మీడియాలో ప్రొటీన్లు పొర మీద అతుక్కుంటాయి. ముందే అదే మీడియాలో నానబెట్టి, ఆ మీడియా పీహెచ్‌నే మూడు నాలుగు చోట్లకు మార్చి కేలిబ్రేట్ చేస్తే, డబ్బాల్లో వచ్చే 4, 7, 10 బఫర్ల కంటే నమ్మకంగా ఉంటుంది.

రెండోది పెద్దది. ఇరిడియం ఆక్సైడ్ ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకునే రెడాక్స్ పదార్థాలకూ స్పందిస్తుంది. ఆస్కార్బిక్ ఆమ్లం (విటమిన్ సి), హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలితే వోల్టేజీ మారుతుంది, మనం పీహెచ్ మారిందనుకుంటాం. పైన పలచగా నాఫియాన్ అనే పాలిమర్ పూస్తే ఆస్కార్బేట్ కొంత ఆగుతుంది, పూర్తిగా కాదు.

దీని పక్కన యాంటిమనీ ఎందుకు చెప్పనంటే, అది ఆక్సిజన్‌కు కూడా కదులుతుంది. కణాలు ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి కణం దగ్గరికి తెచ్చేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది. సెన్సర్ చూపించిన మార్పులో పీహెచ్ ఎంత, ఆక్సిజన్ ఎంత అని విడదీయలేం. అన్నవాహికలోకి దించే పీహెచ్ గొట్టాల్లో దాన్ని వాడారు, అక్కడ కొలవాల్సిన మార్పు చాలా పెద్దది కాబట్టి చెల్లింది. పాలీయనిలీన్ కార్బన్ ఫైబర్ మీద సులువుగా పడుతుంది, ఖర్చు తక్కువ, విద్యార్థి ప్రాజెక్టుకు బాగుంటుంది.

ఐఎస్‌ఫెట్: చిప్ తేలిక, మూత కష్టం

1970లో నెదర్లాండ్స్‌లో పీట్ బెర్గ్‌వెల్డ్ ట్రాన్సిస్టర్ మీది లోహపు గేటు తీసేసి, ఆ చోట ద్రవాన్ని నేరుగా తాకనిచ్చాడు. ద్రవంలో పీహెచ్ మారితే గేటు ఆక్సైడ్ మీద ఆవేశం మారుతుంది, దాంతో ట్రాన్సిస్టర్‌లో కరెంటు మారుతుంది. ఐఎస్‌ఫెట్ అంటే ఇదే. మొదట్లో వాడిన సిలికాన్ డయాక్సైడ్ అంత బాగా స్పందించేది కాదు, టాంటలం పెంటాక్సైడ్ వేస్తే నెర్న్‌స్ట్ విలువకు దగ్గరగా వస్తుంది. ఈ ఆలోచన ఎంత దూరం పోయిందో చూడాలంటే డీఎన్ఏ సీక్వెన్సింగ్ చూడండి. 2011లో అయాన్ టొరెంట్ వాళ్లు ప్రచురించిన పద్ధతిలో ఒక్కో బేస్ చేరినప్పుడు వెలువడే ప్రోటాన్‌ను లక్షలాది ఐఎస్‌ఫెట్‌లు ఒకే చిప్ మీద పట్టుకుంటాయి.

బెంగళూరులో ఉండటం వల్ల ఇక్కడ ఒక లాభం ఉంది. ఐఐఎస్‌సీలోని నానో సైన్స్ కేంద్రంలో ఉన్న క్లీన్‌రూమ్‌ను బయటి సంస్థల పరిశోధకులు కూడా వాడుకోవచ్చు. శిక్షణ ఇచ్చి, మీ డిజైన్‌తో చిప్ చేసుకునే వీలు కల్పించే పథకం కూడా ఉంది. మాస్క్ గీయడం, ఆక్సైడ్ వేయించడం అందరూ ఉత్సాహంగా చేస్తారు. అసలు పరీక్ష ఆ తర్వాతే. సన్నని బంగారు తీగలతో చిప్‌ను బోర్డుకు కలిపి, ఆ తీగల మీద ఎపాక్సీ వేసి, గేటు మాత్రం బయటికి ఉంచాలి. ఉప్పునీళ్లు, 37 డిగ్రీలు, ఇంక్యుబేటర్ తేమ కలిసి ఆ ఎపాక్సీ అంచును నెమ్మదిగా తినేస్తాయి. ఐఎస్‌ఫెట్ చెడిపోయిందంటే నూటికి తొంభై సార్లు ట్రాన్సిస్టర్ తప్పు కాదు, మూత తప్పు అని ఈ పనిలో ఉన్నవాళ్లు ఊరికే అనరు.

వెలుతురుకూ ఇది స్పందిస్తుంది. సిలికాన్ కాబట్టి మైక్రోస్కోప్ దీపం వేయగానే విలువ గెంతుతుంది. కణాలను చూస్తూనే కొలుస్తానంటే కుదరదు. ఇరిడియం తీగకు ఈ బాధ లేదు. ఇక డ్రిఫ్ట్, అంటే విలువ తనంతట తానే జారిపోవడం. గంటకు ఒక మిల్లీవోల్టు జారినా 0.016 పీహెచ్, రాత్రంతా వదిలేస్తే కణాల కథంతా అందులో మునిగిపోతుంది.

మరి దీన్ని ఎందుకు మెచ్చుకుంటున్నానంటే, డ్రిఫ్ట్‌ను తప్పించుకునే ఉపాయం దీనికి బాగా కుదురుతుంది. 1988లో హేఫ్‌మన్, పార్స్, మెక్‌కానెల్ సైన్స్ పత్రికలో వెలుతురుతో చదివే సిలికాన్ సెన్సర్ ఒకటి ప్రచురించారు. ఐఎస్‌ఫెట్‌కు దాయాది లాంటిదే. దాని ఆధారంగా వచ్చిన సైటోసెన్సర్ యంత్రంలో కణాలను కొన్ని మైక్రోలీటర్ల గదిలో ఉంచి, తక్కువ బఫర్ ఉన్న మీడియాను పంపుతో పారిస్తారు. కాసేపటికి పంపు ఆపుతారు. ఆపిన కొద్ది సెకన్లలో పీహెచ్ దిగడం మొదలవుతుంది. దిగే వాలు కొలిచి పంపు మళ్లీ వేస్తారు, కొత్త మీడియా వచ్చి పీహెచ్ యథాస్థానానికి పోతుంది. ఇలా ఆపుతూ వేస్తూ ఉంటే గంటల తరబడి జరిగే డ్రిఫ్ట్‌తో పనే లేదు, ఎందుకంటే ప్రతిసారీ చూసేది అర నిమిషపు వాలు మాత్రమే. మందు వేశాక వాలు పెరిగిందా తగ్గిందా, అంతే. అసలు పీహెచ్ ఎంత అని అడగకుండా ఎంత వేగంగా మారుతోందని అడిగితే ఐఎస్‌ఫెట్ పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఆ వాలంతా ల్యాక్టిక్ ఆమ్లమే అనుకోకూడదు. కణాలు శ్వాసించి వదిలే కార్బన్ డయాక్సైడ్ కూడా నీళ్లలో కలిసి ఆమ్లతే ఇస్తుంది. ఏ పీహెచ్ సెన్సరూ రెండిటినీ విడదీయలేదు. కాసింత మీడియా తీసి ల్యాక్టేట్ విడిగా కొలిస్తేనే తేలుతుంది.

ఎవరూ కొటేషన్ అడగని భాగం

రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ గురించి ఎవరూ ఫోన్ చేసి అడగరు. డిష్‌లో నేరుగా ముంచిన క్లోరైడ్ పూత వెండి తీగే చాలామందికి రిఫరెన్స్. చుట్టూ క్లోరైడ్ ఎంత ఉందో దాన్నిబట్టి ఆ తీగ వోల్టేజీ మారుతుంది. మీరు మందును వేరే ఉప్పు ద్రావణంలో కలిపి వేశారనుకోండి, పీహెచ్ కదలకపోయినా అంకె కదులుతుంది. పైగా వెండి అయాన్లు మీడియాలోకి కారి కణాలకు విషమవుతాయి. అందుకని రిఫరెన్స్‌నూ డిష్‌నూ కలిపే ఉప్పు జెల్ గొట్టం, అంటే అగార్ వంతెన పెట్టుకోవాలి. అందులో ల్యాబు అలవాటు ప్రకారం గాఢమైన పొటాషియం క్లోరైడ్ నింపితే మరో తలనొప్పి: పొటాషియం కారి డిష్‌లో చేరితే కణాల పొర మీది వోల్టేజీ తగ్గిపోతుంది, వాటి ప్రవర్తనే మారిపోతుంది. కణాలున్న డిష్ వైపు వంతెనలో అదే సెలైన్ ఉంచి, పొటాషియం క్లోరైడ్‌ను వెనక ఇంకో గదిలో పెట్టడం మేలు. ఇరిడియం తీగైనా ఐఎస్‌ఫెట్ అయినా మీటరులో కనిపించేది రెండు ఎలక్ట్రోడ్ల మధ్య తేడానే కాబట్టి, నా లెక్కన బడ్జెట్‌లో మొదటి రూపాయి ఇక్కడ పెట్టాలి.

బెంగళూరు వాళ్లు మరో సంగతి మరిచిపోతారు. ఊరు సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పీడనం 680 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది, చెన్నైలో 760. ఇంక్యుబేటర్ తెర మీద రెండు చోట్లా 5 శాతమే కార్బన్ డయాక్సైడ్. కానీ నీటి ఆవిరి వాటా 47 తీసేస్తే చెన్నైలో ఆ వాయువు పాక్షిక పీడనం 35.7 మిల్లీమీటర్లు, బెంగళూరులో 31.7. బైకార్బొనేట్ అదే, వాయువు తక్కువ, కాబట్టి ఇక్కడి మీడియా 0.05 పీహెచ్ క్షారం వైపు ఉంటుంది. చెన్నైలోని స్నేహితులతో వాట్సాప్‌లో అంకెలు పోల్చుకుని "మా సెన్సర్ తప్పు చూపిస్తోంది" అని టెన్షన్ పడేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి. సెన్సర్ సరిగ్గానే చెబుతోంది. 5.6 శాతం పెడితే రెండూ కలుస్తాయి.

ఇక డిష్‌ను ఇంక్యుబేటర్ నుంచి తీసి మైక్రోస్కోప్ కింద పెడితే మరో ఆట. బైకార్బొనేట్ మీడియా నుంచి కార్బన్ డయాక్సైడ్ లేచిపోతుంది, కొద్దిసేపటికే ఫినాల్ రెడ్ గులాబీ రంగు చిక్కబడటం కంటికే కనిపిస్తుంది. ఇరిడియం తీగ ఆ పెరుగుదలనంతా నిక్కచ్చిగా రాసిపెడుతుంది. మందు పనిచేసిందని పేపర్ రాయడం మొదలుపెట్టేముందు, కణాలు లేని డిష్‌ను కూడా పక్కనే అలాగే కొలవాలి. బైకార్బొనేట్ బదులు హెపిస్ అనే బఫర్ ఉన్న మీడియా వాడితే ఈ గొడవ తగ్గుతుంది, కానీ పైన చెప్పిన లెక్క ప్రకారం హెపిస్ ఎక్కువైతే సిగ్నలే తగ్గుతుంది. 1 నుంచి 5 మిల్లీమోలార్ దగ్గర ఆగడం నాకు నచ్చిన మధ్యేమార్గం.

డైతో పోలిస్తే

డైల వాళ్లు, ఎలక్ట్రోడ్ల వాళ్లు ఒకరి మాట ఒకరు వినరు. నిజానికి వాళ్లు కొలిచేవి రెండు వేర్వేరు చోట్లు. 1982లో రోజర్ త్సియెన్ బృందం తెచ్చిన బీసీఈసీఎఫ్ డై కణం లోపలికి దూరి అక్కడే చిక్కుకుపోతుంది. 490, 440 నానోమీటర్ల వెలుతురు మార్చి మార్చి వేసి, రెండు మెరుపుల నిష్పత్తి తీసుకుంటే, డై ఎంత చేరిందన్న తేడా కొట్టుకుపోయి పీహెచ్ మిగులుతుంది. దాని పీకేఏ (డై బాగా స్పందించే పీహెచ్) 7.0 దగ్గర, కణం లోపలి పీహెచ్ 7.2 దగ్గర. బాగా జత కుదిరింది. ఒకేసారి వందల కణాలు కనిపిస్తాయి. లోపలికి సూది గుచ్చి కణాన్ని గాయపరచకుండా దీనికి సాటి వచ్చే ఎలక్ట్రోడ్ లేదు.

బయట కొలవడానికి మాత్రం డై నాకు నచ్చదు. మీడియా నిండా డై పోస్తే కణం పక్కదీ పైదీ కలిసిపోతాయి. పొరకు అతుక్కునే డైలు ఉన్నాయి గానీ నెమ్మదిగా లోపలికి పోతాయి. వెలుతురు వేసేకొద్దీ రంగు వెలుస్తుంది, కణాలకూ దెబ్బే. రోజంతా చదవాలంటే తీగే నయం. కాదు, చాలా ప్లేట్లు ఒకేసారి పరీక్షించాలంటే సీహార్స్ యంత్రం ఉంది. అది కూడా వెలుతురు సెన్సర్లతోనే, కణాల పైన కొన్ని మైక్రోలీటర్ల తాత్కాలిక గది చేసి, సైటోసెన్సర్ పాత ఉపాయాన్నే వాడుతుంది. మీ క్యాంపస్‌లో ఎక్కడైనా ఉంటే స్లాట్ బుక్ చేసుకోండి. సొంతంగా కొనే ఆలోచన మాత్రం ప్లేట్లు నింపేంత పని నిజంగా ఉంటేనే.

ఒంటరి కణం మీద ఒక్కో చోట ఎలా ఉందో పటం గీయాలన్న కోరిక ఉన్నవాళ్లకు దారి వేరే. 2019లో యూరి కోర్చెవ్ బృందం నేచర్ కమ్యూనికేషన్స్‌లో ప్రచురించిన నానోపిపెట్ 50 నానోమీటర్ల స్పష్టతతో, 2 మిల్లీసెకన్లలో, 0.01 పీహెచ్ తేడాను పట్టుకుంది. పక్కపక్కనే రెండు గొట్టాలున్న పిపెట్ అది. ఒకటి కణం పైభాగానికి దూరం చూసుకుంటుంది, రెండోది పీహెచ్ చదువుతుంది. మెలనోమా, రొమ్ము కేన్సర్ కణాల చుట్టూ ఆమ్లత చోటుకో తీరుగా ఉందని వాళ్లు చూపించారు. చదివి ఉత్సాహపడటంలో తప్పులేదు. కానీ దానికి స్కానింగ్ అయాన్ కండక్టెన్స్ మైక్రోస్కోప్ కావాలి, దాన్ని నడిపే చేయి కావాలి. పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు దాన్ని సొంతంగా కట్టబోతే థీసిస్ మైక్రోస్కోప్ మీదే అవుతుంది, కణాల మీద కాదు. అలాంటి మైక్రోస్కోప్ ఉన్న ల్యాబుతో కలిసి పనిచేయడమే తెలివైన పని.

ఎముక కణాల ల్యాబు నుంచి అడిగినవాళ్లకు మాత్రం నా మొదటి ఓటు మారుతుంది. ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్‌లను పెంచేటప్పుడు మీడియాలో ఆస్కార్బిక్ ఆమ్లం కలపడం అక్కడ రివాజు. అది ఇరిడియం పొరను తాకిన క్షణం నుంచీ వోల్టేజీ పీహెచ్‌ది కాదు. వాళ్లకు ఐఎస్‌ఫెట్ చెబుతాను, లేదా రిగ్ ఉంటే ద్రవపొర పిపెట్. చేతిలో ఇరిడియం తీగ తప్ప ఇంకేదీ లేదంటే, కొలిచే గంటసేపు ఆస్కార్బేట్ లేని మీడియాకు మార్చి, కొలత అయ్యాక మళ్లీ పాత మీడియా పోసి, మార్చిన సంగతి ల్యాబ్ నోట్‌బుక్‌లో రాసుకోమంటాను.